చూడాలి, చెప్పాలి, మకాం ఎత్తేయాలి

యుద్ధంలో నేల మీది రాడార్ చేసే పనులు ముఖ్యంగా రెండు. ఆకాశంలో వచ్చే విమానాన్నో, క్షిపణినో, డ్రోన్‌నో దూరంలో ఉండగానే పసిగట్టి గగనతల రక్షణ దళానికి కబురు పంపడం ఒకటి. అవతలి పక్షం పేల్చిన ఫిరంగి గుండును గాలిలో ఉండగానే పట్టి, అది ఎక్కడి నుంచి బయలుదేరిందో లెక్కగట్టడం రెండోది. మొదటివి నిఘా రాడార్లు. రెండోవాటిని సైన్యంలో వెపన్ లొకేటింగ్ రాడార్లంటారు. ఫిరంగుల జాడ తీసే రాడార్లన్నమాట. నిఘా రాడార్లు ఒకప్పుడు కొండల మీద కాంక్రీటు దిమ్మెలపై పాతుకుని ఉండేవి. అలాంటివి ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. కానీ యుద్ధరంగానికి దగ్గరగా పనిచేయాల్సినవన్నీ ట్రక్కులెక్కాయి. ఉన్నచోటే ఉండే రాడార్ ఎక్కడుందో శత్రువుకు యుద్ధం మొదలవకముందే తెలిసిపోతుంది. అలా తెలిసిన రాడార్ యుద్ధంలో మొదటి రోజు దాటడం కష్టం.

రాడార్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ అడిగే ప్రశ్న ‘ఎంత దూరం చూస్తుంది?’ అని. ప్రకటనల్లోనూ పెద్ద అక్షరాల్లో ఉండేది ఆ అంకే. అది ముఖ్యమే. అయితే గత ఎనభై ఏళ్ల యుద్ధాలు చూస్తే రాడార్ల తలరాత రాసినవి మరో రెండు విషయాలు. చూసినదాన్ని ఎంత త్వరగా చెప్పగలిగింది? చెప్పాక ఎంత త్వరగా అక్కడి నుంచి తట్టాబుట్టా సర్దుకుంది?

ప్రతిధ్వని లెక్క

రాడార్ రేడియో తరంగాలను గుప్పెడు గుప్పెడుగా వదిలి, వస్తువుకు తగిలి వెనక్కి వచ్చే ప్రతిధ్వని కోసం వింటుంది. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్లిరావడానికి సెకనులో పది లక్షల వంతు పట్టిందంటే వస్తువు 150 మీటర్ల దూరంలో ఉన్నట్టు. వెయ్యి రెట్లు పడితే 150 కిలోమీటర్లు. వస్తువు కదులుతుంటే తిరిగొచ్చే తరంగం ఫ్రీక్వెన్సీ కాస్త మారుతుంది. దీన్నే డాప్లర్ ప్రభావం అంటారు. కదలని కొండ నుంచి, చెట్టు నుంచి, మేడ నుంచి వచ్చే ప్రతిధ్వనులను పక్కకు నెట్టి విమానాన్ని విడిగా చూపించేది ఇదే.

ఇందులో ఒక పీడ ఉంది. తరంగం వెళ్లేటప్పుడు విస్తరించి బలహీనపడుతుంది, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ విస్తరించి బలహీనపడుతుంది. అందుకే అందే ప్రతిధ్వని దూరపు నాలుగో ఘాతంలో తగ్గిపోతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి, రాడార్ చూపు రెట్టింపు కావాలంటే శక్తి 16 రెట్లు కావాలి. అదే తరంగాన్ని శత్రువు విమానంలో ఉన్న రిసీవర్ వింటోందనుకోండి. అక్కడికి తరంగం ఒకవైపే ప్రయాణించింది కాబట్టి దూరపు వర్గంలో మాత్రమే తగ్గుతుంది. చీకట్లో టార్చిలైటు పట్టుకుని నడిచేవాడికి ముందున్న దారి కొంత మేరకే కనబడుతుంది, అతను మాత్రం ఊరవతలి వాడికి కూడా కనబడతాడు. రాడార్ పరిస్థితి అచ్చం ఇదే. తాను విమానాన్ని చూడకముందే విమానం తన ఉనికిని విని ఉంటుంది.

ఈ లోపాన్ని ఆయుధంగా మలిచింది వియత్నాం యుద్ధం. రాడార్ వదిలే తరంగాల వెంటే వెళ్లి దాన్ని పేల్చే ష్రైక్ క్షిపణిని అమెరికా అక్కడ వాడింది. తరువాత హార్మ్ వచ్చింది. భారత్ ఇదే కోవకు చెందిన రుద్రం-1ను 2020 అక్టోబరు 9న సుఖోయ్-30 విమానం నుంచి పరీక్షించింది. ఇలాంటి క్షిపణి వస్తోందని తెలిస్తే రాడార్ సిబ్బంది చేయగలిగినవి కొన్నే. తరంగాలు ఆపేయడం, దూరంగా నకిలీ ప్రసారాలు వదలడం, లేదా అసలు అక్కడ లేకుండా పోవడం.

భూమి గుండ్రంగా ఉండటం వల్ల

రాడార్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, భూమి మాత్రం వంగి ఉంటుంది. కాబట్టి ఎంత శక్తి ఉన్నా దిగంతం దాటి కిందికి చూడలేదు. దీనికి ఒక తేలిక లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తు ఎన్ని మీటర్లో దాని వర్గమూలం, లక్ష్యం ఎత్తు వర్గమూలం కలిపి 4.12తో గుణిస్తే చూపు అందే దూరం కిలోమీటర్లలో వస్తుంది. యాంటెన్నా 4 మీటర్ల ఎత్తున ఉంటే, 10 కిలోమీటర్ల ఎత్తున వచ్చే విమానం 420 కిలోమీటర్ల నుంచి కనబడగలదు. అదే యాంటెన్నాకు 25 మీటర్ల ఎత్తులో నేలను రాసుకుంటూ వచ్చే క్రూయిజ్ క్షిపణి 29 కిలోమీటర్ల దాకా వచ్చేవరకు కనబడదు. సెకనుకు 250 మీటర్ల వేగంతో వచ్చే క్షిపణి ఆ దూరాన్ని రెండు నిమిషాలు తిరగకుండా దాటేస్తుంది.

యాంటెన్నాను 36 మీటర్ల స్తంభం మీదికి ఎక్కిస్తే చూపు 45 కిలోమీటర్లకు పెరుగుతుంది. అంటే ఒక నిమిషం అదనంగా దొరుకుతుంది. సోవియట్ వాళ్లు ఎస్-300 క్షిపణుల రాడార్ల కోసం 40వీ6ఎం అనే ఎత్తయిన మడత స్తంభాన్ని తయారు చేసింది ఆ నిమిషం కోసమే. అయితే స్తంభం నిలబెట్టడానికి, దింపడానికి చాలా సేపు పడుతుంది. ఎత్తు కావాలంటే చురుకుదనం వదులుకోవాలి, చురుకుదనం కావాలంటే ఎత్తు వదులుకోవాలి. ఈ బేరం నుంచి ఏ దేశపు ఇంజనీరూ పూర్తిగా తప్పించుకోలేదు.

కొండల్లో కథ మరీ చిక్కు. ఒక లోయలో నిలబెట్టిన రాడార్‌కు పక్క లోయ కనబడదు. పెద్ద రాడార్ ఒకటి కాక చిన్నవి పది కావాలి, వాటిని రోడ్డు లేని చోటికి మోసుకెళ్లాలి. భరణి, ఆశ్లేష అనే చిన్న రాడార్లు పుట్టింది ఇందుకే. భరణి బ్యాటరీ మీద నడిచే తేలిక రాడార్, సుమారు 40 కిలోమీటర్ల దాకా తక్కువ ఎత్తున వచ్చేవాటిని పడుతుంది. అది దిక్కు, దూరం మాత్రమే చెబుతుంది. ఆశ్లేష ఎత్తు కూడా చెబుతుంది. విడదీసి మూటలు కట్టి మనుషుల మీదో, జంతువుల మీదో, హెలికాప్టర్‌లోనో పైకి చేర్చేలా వీటిని చేశారు.

చూసినా చెప్పలేని రోజు

ట్రక్కుల మీద తరలించే రాడార్ చరిత్రలో మొట్టమొదట పేరు మోగింది ఒక వైఫల్యంతో. 1941 డిసెంబరు 7 ఉదయం హవాయి దీవుల్లో ఒపానా పాయింట్ దగ్గర అమెరికా సైన్యపు ఎస్‌సీఆర్-270 రాడార్ మీద ఇద్దరు సైనికులు ఉన్నారు. ఏడు గంటలు దాటగానే ఉత్తరం నుంచి, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఎన్నడూ చూడనంత పెద్ద ప్రతిధ్వని కనబడింది. వెంటనే ఫోను చేశారు. అవతల ఉన్న అధికారికి ఆ ఉదయం అమెరికా నుంచి బాంబర్లు వస్తున్నాయని తెలుసు. అవే అయి ఉంటాయనుకుని పట్టించుకోవద్దన్నాడు. గంట తిరగకముందే పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. రాడార్ తన పని తాను చేసింది. దాని మాటను తూచి, మనవాళ్లా కాదా తేల్చి, ఫిరంగుల దాకా చేర్చే ఏర్పాటు అక్కడ లేదు.

మనవాళ్లా కాదా అన్న ప్రశ్న ఇప్పటికీ ప్రాణాలు తీస్తూనే ఉంది. 2019 ఫిబ్రవరి 27న శ్రీనగర్ దగ్గర బడ్గాంలో భారత వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చింది. ఆరుగురు వాయుసైనికులు, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద తప్పిదమని అదే ఏడాది అక్టోబరులో వాయుసేనాధిపతి భదౌరియా బహిరంగంగానే ఒప్పుకున్నారు. నిఘా రాడార్ యాంటెన్నా మీద కనిపించే సన్నని అడ్డపట్టీ లాంటి మరో యాంటెన్నా మనవాళ్లను గుర్తుపట్టడం కోసమే. అది ‘నువ్వెవరు’ అని సంకేతం పంపుతుంది, మన విమానంలోని పెట్టె జవాబిస్తుంది. ఆ పెట్టె ఆపేసి ఉన్నా, జవాబును పట్టించుకోకపోయినా ప్రమాదమే.

చక్రాలున్నా కదలనివారు, కదిలినవారు

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన కేవిటీ మాగ్నెట్రాన్ అనే చిన్న పరికరం రాడార్ తరంగాన్ని పది సెంటీమీటర్లకు కుదించింది. తరంగం చిన్నదైతే యాంటెన్నా చిన్నదవుతుంది, యాంటెన్నా చిన్నదైతే బండి మీద పట్టేస్తుంది. అమెరికా చేసిన ఎస్‌సీఆర్-584 ఒకే ట్రైలర్‌లో ఇమిడింది. 1944లో లండన్ మీదికి జర్మనీ వదిలిన వీ-1 ఎగిరే బాంబులను విమాన విధ్వంసక ఫిరంగులు కూల్చగలగడంలో దీనికి పెద్ద వాటా ఉంది.

చక్రాలుండటం వేరు, కదలడం వేరు అని నేర్పింది 1982 జూన్. లెబనాన్‌లోని బెకా లోయలో సిరియా క్షిపణి దళాలకు సంచార వాహనాల మీద అమర్చిన సామ్-6 లాంటి ఆయుధాలున్నాయి. కానీ అవి ఒకేచోట మకాం వేసుకుని కూర్చున్నాయి. ఇజ్రాయెల్ వాటిని ముందే ఫొటోలు తీసి పెట్టుకుంది. జూన్ 9న మొదట మనిషి లేని నకిలీ విమానాలను పంపింది. సిరియా రాడార్లు వాటిని చూసి తరంగాలు వదిలాయి. ఆ తరంగాల ఆనవాలుతోనే ఆ దళంలో చాలా భాగాన్ని కొన్ని గంటల్లో ధ్వంసం చేసింది.

1999లో సెర్బియా దీనికి పూర్తిగా వ్యతిరేక ఉదాహరణ చూపించింది. కల్నల్ జోల్తాన్ డానీ నడిపిన క్షిపణి దళం దగ్గర ఉన్నవి 1960లనాటి ఎస్-125 క్షిపణులు, మీటరు తరంగాలతో పనిచేసే పాత పీ-18 రాడార్. లక్ష్యాన్ని గురిచూసే రాడార్‌ను సెకన్ల లెక్కన మాత్రమే వెలిగించాలని, పని అవగానే చోటు మార్చాలని ఆయన దళానికి కట్టుబాటు. మార్చి 27 రాత్రి ఆ దళం రాడార్‌కు చిక్కదని పేరున్న అమెరికా ఎఫ్-117 విమానాన్ని కూల్చింది. ఎఫ్-117 ఆకారాన్ని సెంటీమీటరు తరంగాలను తప్పించడానికి చెక్కారు. పీ-18 వాడే పొడవాటి తరంగాలకు ఆ చెక్కడం అంతగా అడ్డు రాలేదు. పాత రాడార్, క్రమశిక్షణ ఉన్న సిబ్బంది కలిసి చేసిన పని అది. 1982, 1999 పక్కపక్కన పెట్టుకుంటే రాడార్ వయసు కంటే సిబ్బంది అలవాటే పెద్ద తేడా అని ఒప్పుకోక తప్పదు.

ఫిరంగి గుండు వెనక్కి నడిచే దారి

ఫిరంగుల జాడ తీయడం రాడార్ కంటే పాత విద్య. మొదటి ప్రపంచ యుద్ధంలో, అప్పటికే భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న లారెన్స్ బ్రాగ్ బ్రిటిష్ సైన్యం కోసం వరుసగా మైక్రోఫోన్లు పరిచి, ఫిరంగి మోత ఒక్కోదానికి ఎప్పుడు చేరిందో చూసి చోటు లెక్కగట్టే పద్ధతిని తయారు చేశాడు. కానీ శబ్దం 15 కిలోమీటర్లు రావడానికే ముప్పావు నిమిషం పడుతుంది. గాలి దాన్ని పక్కకు తోస్తుంది, కొండలు ప్రతిధ్వనులతో గందరగోళం చేస్తాయి.

రాడార్ మార్గం వేరు. ఎగిరే గుండు ఎవరి మాటా వినదు, గురుత్వాకర్షణ, గాలి నిరోధం చెప్పిన దారిలోనే పోతుంది. విమానం మలుపు తిరగగలదు, పక్షి రెక్క విప్పగలదు, గుండుకు ఆ వీలు లేదు. కాబట్టి దారిలో ఒక ముక్క దొరికితే చాలు, ముందుకు లాగి ఎక్కడ పడుతుందో, వెనక్కి లాగి ఎక్కడ పుట్టిందో చెప్పవచ్చు. రాడార్ కిరణం దిగంతాన్ని ఆనుకుని ఎడమ నుంచి కుడికి సెకనులో ఎన్నోసార్లు ఊడుస్తూ కంటికి కనబడని కంచె కడుతుంది. ఏదైనా ఆ కంచె దాటి పైకి లేచిందా, కిరణం వెంటనే దాని మీదికి వెళ్లి నిజంగానే గుండేనా అని సరిచూస్తుంది. పక్షి అయితే వదిలేస్తుంది. గుండయితే కొన్ని సెకన్లు వెంటాడి, దాని వేగాన్ని, దిశను, గాలిలో అది ఎంత మందగిస్తోందో కొలుస్తుంది. ఈ మొత్తం జరిగేటప్పటికి ఆ గుండు ఇంకా ఆకాశంలోనే ఉంటుంది.

పట్టాల్సిన వస్తువు చూస్తే ఇది ఎంత గట్టి పనో తెలుస్తుంది. రాడార్‌కు గుండు చూపించే ముఖం యుద్ధవిమానంతో పోలిస్తే వందల, వేల రెట్లు చిన్నది. పైగా నున్నగా ఉంటుంది, సెకనుకు వందల మీటర్ల వేగంతో పోతుంది. యాంటెన్నాను మోటారుతో తిప్పి దీన్ని పట్టడం కుదరదు. వేల చిన్న యాంటెన్నాలను ఒక పలక మీద పేర్చి, ఒక్కోదానిలో తరంగాన్ని కాస్త ముందు వెనకలు చేస్తే పలక కదలకుండానే కిరణం వంగుతుంది. ఫేజ్డ్ అరే అనే ఈ పద్ధతి రాకముందు మోర్టార్లను పట్టేవి మాత్రమే ఉండేవి. బ్రిటిష్ సింబెలైన్ రాడార్ రెండు కిరణాలను ఒకదాని మీద ఒకటి నిలిపి గుండు రెండింటినీ దాటిన చోట్లను బట్టి లెక్కగట్టేది. నిటారుగా ఎగిరే మోర్టార్‌కు అది సరిపోయేది, తక్కువ ఎత్తులో వేగంగా దూసుకొచ్చే ఫిరంగి గుండుకు చాలేది కాదు.

లెక్కలో ఇంకో మెలిక ఉంది. గుండు దారిని వెనక్కి లాగితే అది నేలను ఎక్కడ తాకుతుందో తెలియాలంటే అక్కడి నేల ఎత్తు తెలియాలి. మైదానంలో ఇబ్బంది లేదు. కొండల్లో ఎత్తు 100 మీటర్లు తప్పుగా అనుకుంటే, 20 డిగ్రీల కోణంలో పేల్చిన గుండు విషయంలో ఫిరంగి ఉన్న చోటు దాదాపు 275 మీటర్లు తప్పిపోతుంది. ఆ తేడాతో జవాబు పేలిస్తే బండలకు తగులుతుంది, ఫిరంగికి కాదు. ఎత్తుల వివరాలతో కూడిన డిజిటల్ పటం రాడార్ కంప్యూటర్‌లో ఉండటం అందుకే.

ఈ పరికరం లేకపోతే ఏమవుతుందో భారత సైన్యం 1999లో కార్గిల్‌లో చూసింది. పాకిస్థాన్ దగ్గర అమెరికా నుంచి 1980లలో కొన్న ఏఎన్/టీపీక్యూ-36 ఫైర్‌ఫైండర్ రాడార్లు ఉన్నాయి. మన దగ్గర ఉన్నది మోర్టార్ల కోసం చేసిన సింబెలైన్. శత్రువు ఫిరంగులు ఏ శిఖరం వెనుక ఉన్నాయో తెలుసుకోవడానికి పరిశీలకుల కళ్ల మీద, గాలింపు మీద ఆధారపడాల్సి వచ్చింది. కొనుగోలుకు చేసిన ప్రయత్నాలకు 1998 పోఖ్రాన్ పరీక్షల తరువాతి ఆంక్షలు అడ్డుపడ్డాయి. ఆంక్షలు ఎత్తేశాక 2002లో అమెరికాతో ఒప్పందం కుదిరి, మొత్తం 12 ఏఎన్/టీపీక్యూ-37 రాడార్లు వచ్చాయి. యుద్ధం అయిపోయాక వచ్చాయన్నది వేరే మాట.

ఆ చేదు అనుభవం నుంచి పుట్టింది స్వాతి. బెంగళూరులోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఎల్‌ఆర్‌డీఈ రూపకల్పన చేస్తే భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) తయారు చేసింది. దీని యాంటెన్నాకు మూలం ఆకాశ్ క్షిపణుల కోసం అప్పటికే తయారైన రాజేంద్ర రాడార్. విమానాల కోసం చేసిన పలకను గుండ్లు పట్టేలా మలిచారన్నమాట. టాట్రా ట్రక్కు మీద కూర్చునే స్వాతి మోర్టార్ గుండ్లను 2 నుంచి 20 కిలోమీటర్లలో, ఫిరంగి గుండ్లను 2 నుంచి 30 కిలోమీటర్లలో, రాకెట్లను 4 నుంచి 40 కిలోమీటర్లలో పడుతుంది. ఒకసారికి 90 డిగ్రీల మేర చూస్తుంది. కావాలంటే పలకనే అటూ ఇటూ తిప్పుకోవచ్చు. శత్రువు ఫిరంగిని చెప్పడమే కాదు, మన గుండు ఎక్కడ పడుతోందో కూడా చూసి గురి దిద్దుకోమంటుంది. ఈ రెండో ఉపయోగం గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, ఫిరంగి దళాలకు అది చాలా విలువైనది.

2017 మార్చి 2న అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ స్వాతిని సైన్యానికి అప్పగించారు. 2020లో ఆర్మేనియా రష్యా, పోలండ్ రాడార్లను కాదని నాలుగు స్వాతి రాడార్లు కొనడానికి సుమారు 4 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2023 మార్చిలో రక్షణ శాఖ మైదాన ప్రాంతాల కోసం మరో 12 స్వాతి రాడార్లకు రూ.990 కోట్ల పైచిలుకు ఒప్పందం రాసింది.

గడియారం చూస్తే ఈ పోటీ ఎంత ఇరుకైనదో అర్థమవుతుంది. కె-9 వజ్ర లాంటి స్వయంచాలక ఫిరంగి 15 సెకన్లలో 3 గుండ్లు పేల్చి బయలుదేరగలదు. 20 కిలోమీటర్ల దూరం పోవడానికి మన జవాబు గుండుకే నిమిషం దాకా పడుతుంది. మొదటి గుండు దారి లెక్కగట్టడానికి రాడార్‌కు కొన్ని సెకన్లు చాలు. మిగిలిన ఆలస్యమంతా మనుషులది, కబుర్లది. రాడార్ చెప్పిన చోటు ఫిరంగి దాకా చేరి, అనుమతి వచ్చి, గురిపెట్టేటప్పటికి రెండు మూడు నిమిషాలు గడిచాయా, పడేది ఖాళీ నేల మీదే.

బండి దగ్గర పని

కదిలే రాడార్ అంటే ఒక బండి కాదు, చిన్న బిడారు. రోహిణి లాంటి నిఘా రాడార్‌లో యాంటెన్నా ట్రక్కు, తెరల ముందు సిబ్బంది కూర్చునే గది ఉన్న ట్రక్కు, జనరేటర్ల ట్రక్కు వేరువేరుగా ఉంటాయి. స్వాతి రెండు బండ్లతో సర్దుకుంటుంది. చోటు చేరాక మొదట హైడ్రాలిక్ కాళ్లు దించి బండిని సమతలంగా నిలబెట్టాలి. తరువాత ఉత్తరం ఎటో, తానెక్కడుందో ఖచ్చితంగా తేల్చుకోవాలి. దిక్కులో ఒక డిగ్రీ తప్పు 30 కిలోమీటర్ల దూరంలో 500 మీటర్లకు పైగా తప్పవుతుంది. ఒకప్పుడు సర్వే బృందం వచ్చి చేసే ఈ పనిని ఇప్పుడు గైరోలు, ఉపగ్రహ సంకేతాలు నిమిషాల్లో చేసిపెడుతున్నాయి. ఉపగ్రహ సంకేతాలను శత్రువు చెడగొట్టే రోజులు వచ్చాయి కనుక గైరోలను వదులుకునే ధైర్యం ఎవరూ చేయడం లేదు.

జనరేటర్ గురించి పుస్తకాలు తక్కువ రాస్తాయి. తరంగాలు ఆపినా ఇంజిను వేడి పరారుణ కెమెరాకు కనబడుతూనే ఉంటుంది.

నక్షత్రాల వరుస

భారత రాడార్ల పేర్లు పంచాంగంలోంచి వచ్చినట్టుంటాయి: అశ్విని, భరణి, రోహిణి, ఆరుద్ర, ఆశ్లేష, స్వాతి, రేవతి. ఈ వరుసకు ముందు ఇంద్ర ఉంది. పొరుగు దేశపు విమానాలు నేలబారున దూరివస్తే పట్టడానికి డీఆర్‌డీవో చేసిన ఆ రాడార్ దిక్కు, దూరం మాత్రం చెప్పేది. అదే కాలంలో ఫ్రాన్స్ రూపకల్పనను బీఈఎల్ ఇక్కడ తయారు చేసింది, సోవియట్ రాడార్లు ఎన్నో కొన్నాం.

దిక్కు, దూరం, ఎత్తు మూడూ చెప్పే మొదటి దేశీయ కుటుంబం పోలండ్ సహకారంతో మొదలైన సెంట్రల్ అక్విజిషన్ రాడార్. దాని వాయుసేన రూపం రోహిణి, నౌకాదళ రూపం రేవతి. రోహిణి 150 కిలోమీటర్లకు పైగా చూసి లక్ష్యాలను అప్పగిస్తే, ఆకాశ్ దళంలోని రాజేంద్ర వాటిని వెంటాడి క్షిపణికి దారి చూపిస్తుంది. రాజేంద్ర ఒకేసారి 64 లక్ష్యాలను గమనించగలదు. ఆకాశ్ క్షిపణిని రూపొందించిన డీఆర్‌డీఎల్, తయారు చేసే భారత్ డైనమిక్స్ రెండూ హైదరాబాద్‌వే.

హైదరాబాద్‌కు ఇంకో లోతైన వాటా ఉంది. రాజేంద్ర, స్వాతి తరం రాడార్లలో ఒక పెద్ద గొట్టం తరంగాన్ని పుట్టిస్తే పలక దాన్ని పంచుతుంది. ఆ గొట్టం పోతే రాడార్ మూగబోయినట్టే. కొత్త తరంలో పలక మీది ప్రతి చిన్న యాంటెన్నా వెనుక సొంతంగా ప్రసారం చేసి వినే చిప్పులుంటాయి. కొన్ని పాడైనా మిగతావి నడిపిస్తాయి, కిరణాలు ఒకేసారి పలు దిక్కులకు పోతాయి. ఈ చిప్పులకు మామూలు సిలికాన్ చాలదు, గాలియం ఆర్సెనైడ్, గాలియం నైట్రైడ్ కావాలి. వాటిని తయారు చేసే డీఆర్‌డీవో కేంద్రం గేటెక్ హైదరాబాద్‌లో ఉంది. ఆస్ట్రా మైక్రోవేవ్ లాంటి ప్రైవేటు సంస్థలు ఇక్కడి నుంచే రాడార్ భాగాలు అందిస్తున్నాయి. ఈ కొత్త తరానికి చెందిన ఆరుద్ర 400 కిలోమీటర్ల వరకు, 30 కిలోమీటర్ల ఎత్తు వరకు చూసేలా తయారైంది. 2023 మార్చిలో రూ.2,800 కోట్లకు పైగా విలువతో వాయుసేన దీన్ని కొనడానికి ఒప్పందం జరిగింది.

రెండు పనులు ఒక్కచోటికి

విమానాలను చూసే రాడార్‌కు, గుండ్లను చూసే రాడార్‌కు మధ్య గోడ క్రమంగా కరిగిపోతోంది. ఇజ్రాయెల్ ఐరన్ డోమ్‌కు కళ్లయిన ఈఎల్/ఎం-2084 రెండు పనులూ చేస్తుంది. వచ్చే రాకెట్ ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టి, ఖాళీ నేల మీద పడేదాన్ని వదిలేయమని, ఊరి మీద పడేదాన్నే కూల్చమని చెబుతుంది. ఖరీదైన క్షిపణులను పొదుపుగా వాడే తెలివి అది. అమెరికా మెరైన్లు ఐదు రకాల పాత రాడార్ల పనిని జీ/ఏటార్ అనే ఒక్క రాడార్‌కు అప్పగించారు.

ఈ కలయికకు తొందర పెట్టింది డ్రోన్. అది పక్షంత చిన్నది, కారంత నెమ్మది, చెట్ల ఎత్తున వస్తుంది. నెమ్మదిగా కదిలేవాటిని వదిలేయడానికి డాప్లర్‌తో పెట్టుకున్న జల్లెడలోంచే అది జారిపోతుంది. జల్లెడ వదులు చేస్తే రోడ్డు మీది లారీలు, ఎగిరే కొంగలు తెర నిండా వచ్చిపడతాయి. డ్రోన్ రెక్కల తిరుగుడు వల్ల ప్రతిధ్వనిలో వచ్చే సన్నని వణుకును పట్టి పక్షిని విడదీయడం ఇప్పటి ఇంజనీర్ల పని. ఉక్రెయిన్ యుద్ధంలో మరో తిరకాసు బయటపడింది. ఫిరంగుల జాడ తీసే రాడార్లనే డ్రోన్లు వేటాడుతున్నాయి. రష్యా జూపార్క్ రాడార్లను ఉక్రెయిన్, పాశ్చాత్య దేశాలు ఇచ్చిన రాడార్లను రష్యా వెతికి పేలుస్తున్నాయి. ఫిరంగి కంటే దానిని పట్టే కన్నును పోగొట్టడం లాభమని రెండు పక్షాలకూ తెలిసిపోయింది.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లోనూ ఇదే తర్కం కనిపించింది. మే 8 ఉదయం పాకిస్థాన్‌లోని పలుచోట్ల గగనతల రక్షణ రాడార్లను లక్ష్యంగా చేసుకున్నామని, లాహోర్‌లోని వ్యవస్థను నిర్వీర్యం చేశామని భారత ప్రభుత్వం ప్రకటించింది. మన వైపు వచ్చిన డ్రోన్లను, క్షిపణులను ఎదుర్కోవడంలో విడివిడి రాడార్ల చూపును ఒకే చిత్రంగా కలిపే వాయుసేన ఐఏసీసీఎస్, సైన్యం ఆకాశ్‌తీర్ వ్యవస్థలు పనిచేశాయి. బీఈఎల్‌తో ఆకాశ్‌తీర్ ఒప్పందం జరిగింది 2023 మార్చిలో, రూ.1,982 కోట్లకు. ఒక రాడార్ వెలుగుతుంటే పక్కది ఆపి ఉంచి, చోటు మార్చుకుని, తరువాత అది అందుకునే వీలు ఇలాంటి అల్లిక ఉన్నప్పుడే దొరుకుతుంది. ఒంటరి రాడార్‌కు ఆ విరామం దొరకదు.

సిందూర్‌కు రెండు నెలల ముందే, 2025 మార్చి 12న, రక్షణ శాఖ బీఈఎల్‌తో మరో ఒప్పందం చేసుకుంది. వాయుసేనకు అశ్విని రాడార్లు, విలువ రూ.2,906 కోట్లు. వేగంగా దూసుకొచ్చే యుద్ధవిమానం నుంచి నెమ్మదిగా వచ్చే డ్రోన్, హెలికాప్టర్ దాకా తక్కువ ఎత్తున వచ్చేవాటిని పట్టడం వాటి పని.